రేపు పొద్దున్న ఏం చెయ్యాలి?

భీమవరం,
ఆదివారం.

చిరంజీవి బుజ్జికి,

మీ మావయ్యకి మోకాలి నొప్పి తగ్గింది, మళ్లీ పొద్దున్నే నడకకి వెళుతున్నారు. నువ్వు వేళకి తింటున్నావనే అనుకుంటాను.

నువ్వు పెట్టిన పెద్ద మెసేజీ మొన్న రాత్రి చదివాను, నిన్న మళ్లీ చదివాను. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. ఉద్యోగం బాగానే ఉందన్నావు. జీతానికి లోటు లేదన్నావు. గదిలో ఉన్న పిల్లలు మంచివాళ్లేనన్నావు. అయినా “నేను సంతోషంగా ఉన్నానా” అని అడుక్కుంటే లేననే వస్తోందనీ, అందుకని ఇదంతా వదిలేసి నీకు సంతోషాన్నిచ్చేదేదో వెతుక్కుంటాననీ రాశావు. చివర్లో, “బతుక్కి సంతోషం కన్నా పెద్ద గురి ఇంకేముంటుంది అత్తయ్యా?” అని అడిగావు.

ఉద్యోగం మాట తర్వాత చూద్దాం. ఆ చివరి ప్రశ్నకి నాకు తోచింది ముందే చెప్పేస్తాను. సంతోషం మంచిదే. అందరికీ కావలసిందే. కానీ దాన్ని గురిగా పెట్టుకుంటే అడుగు ముందుకి పడదు. గురి అన్నాక, రేపు పొద్దున్న లేచి ఏం చెయ్యాలో అది చెప్పగలగాలి. “నర్సింగ్ పరీక్ష పాసవ్వాలి” అనుకుంటే ఏ పుస్తకం తియ్యాలో తెలుస్తుంది. “అమ్మకి కంటి ఆపరేషన్ చేయించాలి” అనుకుంటే ఎవర్ని కలవాలో, నెలకి ఎంత దాచాలో తెలుస్తుంది. “సంతోషంగా ఉండాలి” అనుకుని లేచావనుకో, ఏం చేస్తావు? మంచం మీద కూర్చుని నీ మనసులోకి తొంగి చూసుకుంటావు. వచ్చిందా, రాలేదా, నిన్నటికన్నా ఎక్కువుందా, పక్కవాళ్లకున్నంత ఉందా అని తడుముకుంటావు. అలా తడుముకోవడంతోనే ఉన్న కాస్త సంతోషమూ చెదిరిపోతుంది.

ఇది నా ఒక్కదాని ఊహ కాదు. అమెరికాలో ఐరిస్ మాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆవిడతో పనిచేసినవాళ్లు కలిసి 2011లో ఒక పరిశోధన అచ్చువేశారు. కొందరు ఆడవాళ్ల చేత, మనిషికి సంతోషం ఎంత ముఖ్యమో, దానివల్ల ఎన్ని మేళ్లు జరుగుతాయో చెప్పే వ్యాసం చదివించారు. ఇంకొందరికి ఆ ఊసు లేని వ్యాసం ఇచ్చారు. తర్వాత సినిమా ముక్కలు చూపించారు. ఏడిపించే ముక్క చూసినప్పుడు రెండు గుంపులకీ తేడా లేదు. సంతోషపెట్టే ముక్క చూసినప్పుడు మాత్రం, సంతోషం గొప్పదని చదివి వచ్చినవాళ్లే తక్కువ సంతోషపడ్డారు. ఎందుకంటావు? ఇప్పుడు నాకు బాగా అనిపించాలి కదా, ఎందుకు అనిపించడం లేదు అని తమ మీద తమకే నిరాశ పుట్టింది. అంతకుముందు 2003లో ఇంకో పరిశోధనలో స్ట్రావిన్‌స్కీ సంగీతం వినిపిస్తూ, కొందర్ని వీలైనంత సంతోషంగా ఉండటానికి ప్రయత్నించమన్నారు. ఊరికే విన్నవాళ్ల కన్నా వాళ్ల మనసే కిందికి దిగింది.

రోజూ రాత్రి నవ్వు మొహమో ఏడుపు మొహమో నొక్కమని అడిగే యాప్ ఒకటి నీ ఫోన్లో ఉందని రాశావు. దాన్ని తీసెయ్యి బుజ్జీ. నారు వేసి, వేరు పట్టిందో లేదోనని రోజూ పీకి చూసుకున్నట్టుంది ఆ పని.

నీ వయసులో ఇదే ప్రశ్న వేసుకుని కూలబడిపోయినవాడు ఒకడున్నాడు. జాన్ స్టూవర్ట్ మిల్ అని, ఇంగ్లండు వాడు. మీ మావయ్య కాలేజీలో చరిత్ర చెప్పే రోజుల్లో కొన్న అతని ఆత్మకథ మన బీరువాలో ఉంది, ఈమధ్యే మళ్లీ తీశాను. తండ్రి జేమ్స్ మిల్ మన దేశం మొహమైనా చూడకుండా మన దేశ చరిత్ర రాసినవాడు. కొడుక్కి మూడో ఏటనే గ్రీకు మొదలుపెట్టించాడు. ఎక్కువమందికి ఎక్కువ సంతోషం కలిగించేదే మంచి పని అని చెప్పిన బెంథామ్ సిద్ధాంతం ఆ పిల్లాడికి ఉగ్గుపాలతో పట్టారు. పదిహేడేళ్లకి లండన్‌లో ఈస్టిండియా కంపెనీ ఆఫీసులో ఉద్యోగం, పక్కనే వ్యాసాలు, సభలు, వాదనలు. ఆ కుర్రాడు 1826లో, ఇరవయ్యో ఏట, తనని తానే అడిగాడు: లోకంలో నేను కోరుకున్న మార్పులన్నీ ఈ క్షణాన జరిగిపోతే నాకు గొప్ప సంతోషం కలుగుతుందా అని. కలగదనే జవాబు వచ్చింది. ఇక ఆ చలికాలమంతా యంత్రంలా తిరిగాడు. పనులు చేస్తూనే ఉన్నాడు, మనసు మాత్రం ఎండిపోయింది.

మిల్ ఎలా తేరుకున్నాడన్నది నేను ఆగి ఆగి చదివాను. ఫ్రెంచి రచయిత మార్మోంతెల్ జ్ఞాపకాలు చదువుతుంటే ఒక చోట, తండ్రి పోయినప్పుడు చిన్నపిల్లాడైన ఆ రచయిత ఇంటిల్లిపాదికీ ఇక తానే దిక్కవుతానని నిశ్చయించుకునే ఘట్టం వచ్చింది. అక్కడ మిల్‌కి కన్నీళ్లు వచ్చాయి. ఆ కన్నీళ్లతో బరువు దిగడం మొదలైంది. తర్వాత 1828లో వర్డ్స్‌వర్త్ కవితలు చదివి ఇంకాస్త కోలుకున్నాడు. చూశావా, ఇంకొకళ్ల కోసం నిలబడదామనుకున్న ఒక పిల్లాణ్ణి చూసి అతని మనసు కదిలింది. సంతోషం ముఖ్యం కాదని మిల్ ఎప్పుడూ అనలేదు. మంచిచెడ్డలకి గీటురాయి అదేనని ఆ తర్వాత కూడా నమ్మాడు. ఇంకేదో పని మీదో, ఇంకెవరి మేలు మీదో మనసు నిలిపినవాళ్లకి అది దారిలో దొరుకుతుందనీ, దాన్నే వెంటాడేవాళ్లకి దొరకదనీ రాశాడు. ఆ ఆత్మకథ 1873లో, అతను పోయిన ఏడాదే అచ్చయింది.

పుస్తకాల మాట అటుంచు. ఇంతకన్నా గట్టిగా చెప్పగలిగింది నా ఉద్యోగం సంగతి.

నేను ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఏఎన్ఎంగా తిరిగిన రోజులు నీకు లీలగా తెలుసు. ఈ జిల్లాలో బోదకాలు ఎంత ఉండేదో మీ తరానికి తెలియదు. చెప్పుల కొట్లో కాలికి సరిపడే చెప్పు దొరకని మనుషులు వీధికొకరు కనపడేవాళ్లు. ఫైలేరియా యూనిట్ వాళ్లతో కలిసి రాత్రి ఎనిమిది దాటాక ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు రాత్రిపూటే పైరక్తంలోకి వస్తాయి. కుట్టే క్యూలెక్స్ దోమ కూడా ఆ వేళకే బయలుదేరుతుంది. పడుకున్నవాళ్లని లేపి, వేలి చివర పొడిచి, స్లయిడు మీద రక్తపు చుక్క తీసుకునేవాళ్లం. తిట్టేవాళ్లు తిట్టేవాళ్లు, మంచినీళ్లిచ్చేవాళ్లు ఇచ్చేవాళ్లు.

మాత్రలు రక్తంలో ఉన్న పురుగు పిల్లల్ని చంపుతాయి. కానీ ఏళ్ల తరబడి వాచి గట్టిపడిపోయిన కాలు వాటితో మామూలు కాలు అయిపోదు. ఆ కాలికి కావలసింది రోజూ కడగడం. చిన్న పనే అనుకుంటావు, చేసి చూస్తే తెలుస్తుంది. బేసిన్లో చన్నీళ్లో గోరువెచ్చని నీళ్లో పెట్టుకోవాలి. మామూలు ఒంటి సబ్బు చాలు. మోకాలి దగ్గర మొదలుపెట్టి పాదం దాకా, చర్మం మడత మడతలోకీ, వేళ్ల సందు సందులోకీ గట్టిగా రుద్దకుండా కడగాలి. సబ్బు జిడ్డు పోయేదాకా నీళ్లు పొయ్యాలి. తర్వాత మెత్తటి గుడ్డతో అద్దాలి, తుడవకూడదు. వేళ్ల సందుల్లో చెమ్మ మిగిలితే అక్కడ నానుతుంది, పాచి పడుతుంది, పగులుతుంది. ఆ పగుళ్లలోంచి సూక్ష్మజీవులు దూరి చలిజ్వరం, గజ్జల్లో బిళ్లలు, కాలు ఎర్రగా వాచి మంటలు. అలా జ్వరం వచ్చిన ప్రతిసారీ కాలు ఇంకాస్త పెరుగుతుంది. అందుకని పగిలినచోట మందు రాయాలి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకోవాలి, చీలమండ తిప్పుతూ ఉండాలి. రోజూ ఇంతే. మానకూడదు.

ఒక ఊళ్లో ఒక ముసలావిడ ఉండేది. మొదటిసారి వెళ్లినప్పుడు ఆవిడ వీధి అరుగు చివర, పాత చీర కాలు మీద కప్పుకుని కూర్చుంది. చీర తీస్తే వేళ్ల సందులు తెల్లగా నానిపోయి ఉన్నాయి. వాసన చెప్పనలవి కాదు. కోడలు పళ్లెం తెచ్చి దూరంగా పెట్టి వెళ్లిపోయింది. నేను నా చేతులతో ఆ కాలు కడిగి చూపించాను. కోడల్ని పిలిచి, గుడ్డ చేతికిచ్చి, వేళ్ల మధ్య ఎలా అద్దాలో చేయించాను. మళ్లీ వెళ్లాను, మళ్లీ చూశాను. ఒకసారి సందులు తడిగా ఉంటే గట్టిగా చెప్పాను. కొన్నాళ్లకి జ్వరాలు దూరమయ్యాయి, వాసన పోయింది, కాలు కాస్త తేలికపడింది. ఒకరోజు వెళితే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, “మనవడి పెళ్లికి వెళ్లొచ్చానమ్మా, పందిట్లో అందరి మధ్యా కూర్చున్నా” అంది. ఎన్నో ఏళ్లుగా ఆవిడ ఏ శుభకార్యానికీ గడప దాటలేదు.

ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ నాలో ఉంది. కానీ ఆ రోజు నేను దానికోసం బయలుదేరలేదు బుజ్జీ. వేళ్ల సందులు పొడిగా ఉన్నాయో లేదో చూద్దామని వెళ్లాను.

నువ్వు తెలివైనదానివి, ఇక్కడో పేచీ పెడతావు. “అదీ చివరికి నీ సంతోషం కోసమే కదా అత్తయ్యా, దారి మారిందంతే” అంటావు. కాదు. సంతోషమే నా గురి అయితే మొదటి రోజే ఆ అరుగు దిగి వచ్చేసేదాన్ని, శుభ్రమైన ఇళ్లు చూసుకునేదాన్ని. ఆ కాలు కడిగిన చాలా రోజులు నాకు ఏ ఆనందమూ లేదు. ఒళ్లు అలిసేది, కడుపులో తిప్పేది. ఆ రోజుల్లో నన్ను మళ్లీ ఆ ఊరికి పంపింది ఆ కాలే. బాగున్న రోజూ బాగాలేని రోజూ కూడా నిన్ను లేపి పనికి పంపగలిగేదే గురి. సంతోషానికి ఆ బలం లేదు. అది లేని రోజు దాని పేరుతో నువ్వు లేవలేవు.

ఇక్కడ మన భీమవరంలోనే పుట్టిన ఒకాయన గురించి చెప్పాలి. యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో పుట్టాడు. చిన్నప్పుడు తండ్రి పోయాడు, మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యాడు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో ఎనిమిది రోజుల తేడాలో చనిపోయారు. ఆ జబ్బు సంగతి తేల్చాలన్నది ఆయన మనసులో నాటుకుంది. మద్రాసులో వైద్యం చదివే రోజుల్లో ఖద్దరు కట్టినందుకు తెల్లదొర ప్రొఫెసరుకి కంటగింపై, ఎంబీబీఎస్ రావలసినవాడికి ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టారు. 1923లో బోస్టన్ చేరి, పొట్టపోసుకోవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న పని చేస్తూ చదివాడు. హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టాడు, 1925లో అది అచ్చయింది. కండరాలకి శక్తి ఎక్కడినుంచి వస్తుందో తేల్చడంలో ఆయన చెయ్యి ఉంది. అయినా అక్కడ పక్కా ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లాడు. ఆయన నడిపించిన పరిశోధనల్లోంచి 1945లో ఫోలిక్ ఆమ్లం తయారైంది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూకి అది పనిచేసింది. బోదకాలుకి హెట్రజాన్ వచ్చింది. పిల్లల రక్తక్యాన్సరుని మొదటిసారి కాస్త వెనక్కి నెట్టిన మందు వచ్చింది. 1948లో, యాభై మూడేళ్లకి, నిద్రలోనే పోయాడు.

ఇదంతా నీకెందుకు చెబుతున్నానంటే, నా ఏఎన్ఎం సంచిలో రెండు మాత్రలు ఎప్పుడూ ఉండేవి. ఒకటి ఫైలేరియాకి ఇచ్చే డీఈసీ, అది ఆ హెట్రజానే. 2004 నుంచి దేశంలో బోదకాలున్న జిల్లాల్లో ఏడాదికోసారి ఊరూరా మింగించినది కూడా అదే. రెండోది కడుపుతో ఉన్నవాళ్లకిచ్చే ఎర్ర మాత్ర, ఐరన్‌తో పాటు అందులో ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. మీ అమ్మ నువ్వు కడుపులో ఉండగా మింగింది కూడా అదే. ఆ రెండూ ఈ ఊరి మనిషి చేతిమీదుగా లోకానికి వచ్చినవి. “నేను సంతోషంగా ఉన్నానా” అని ఆయన రోజూ లెక్క చూసుకుని ఉంటే, ఆస్పత్రిలో మలమూత్రాల గిన్నెలు కడిగినప్పుడో, హార్వర్డ్ తలుపు మూసినప్పుడో ఆగిపోయి ఉండేవాడు. చచ్చిపోయిన ఇద్దరు అన్నదమ్ములు ఆయన్ని ఆగనివ్వలేదు.

అలాగని ఆయన బతుకుని పూర్తిగా అనుసరించమని చెప్పను. బోస్టన్ వెళ్లినవాడు మళ్లీ మన దేశం రాలేదు. ఆ ప్రయాణానికి మామగారు కూడా డబ్బు సర్దారు. పెళ్లాడిన అమ్మాయి ఇక్కడే ఉండిపోయింది. ఆవిడ ఎదురుచూపుల ఏళ్లని ఆ మందుల ఖాతాలో జమవేసి ఊరుకోవడం నాకు చేతకాదు. ఎంత గొప్ప గురి అయినా, మనల్ని నమ్ముకున్నవాళ్లకి జవాబు చెప్పే బాధ్యత తప్పదు. హార్వర్డ్‌లోనే 1938లో మొదలై ఇప్పటికీ నడుస్తున్న ఒక పరిశోధన ఉంది. కొన్ని వందలమంది మగవాళ్లని పడుచుతనం నుంచి ముసలితనం దాకా చూస్తూ వచ్చారు. ముసలితనంలో బాగున్నవాళ్లెవరంటే, దగ్గరి మనుషులతో అనుబంధం చెడగొట్టుకోనివాళ్లని తేలింది. నీ గదిలో పిల్లలు మంచివాళ్లంటూనే వాళ్ల గురించి ఒక్క వాక్యం రాశావు. నీ మనసు గురించి మూడు పేజీలంత రాశావు.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి, లేకపోతే నా మాట నువ్వు తప్పుగా తీసుకుంటావు. మన ఇళ్లలో ఆడవాళ్లకి “నీ సంతోషం ఏముందిలే, సంసారం గడిస్తే చాలు” అని తరతరాలుగా చెప్పారు. మీ నానమ్మ ఆ మాట వింటూనే వెళ్లిపోయింది. నేను చెప్పేది అది కాదు. ఎవరైనా నిన్ను అవమానిస్తే, చేసిన పనికి జీతం ఎగ్గొడితే, రేపు పెళ్లయ్యాక చెయ్యి చేసుకుంటే, “సంతోషం గురి కాదని అత్తయ్య చెప్పింది” అని భరించకు. అక్కడ తేలవలసింది న్యాయం. వెంటనే బయటికి వచ్చెయ్యి, మా ఇంటి తలుపు తీసే ఉంటుంది. ఒకళ్లని బాధపడమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. తన సంతోషాన్ని తాను పక్కన పెట్టడం వేరు, పక్కవాళ్ల సంతోషాన్ని లాక్కుని దానికి త్యాగమని పేరు పెట్టడం వేరు.

అలాగే ఒంటి సంగతి. నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, ఇష్టమైనవాటి మీద కూడా మనసు పోకపోవడం, దేనికీ కొరగానన్న ఆలోచన రావడం, ఇవి రెండు వారాలు దాటి ఉంటే అది బతుకు గురి గురించిన ప్రశ్న కాకపోవచ్చు. జబ్బు అయ్యుండవచ్చు. దానికి మందులున్నాయి, మాటలతో చేసే చికిత్స ఉంది. ఉత్తరాలతో తగ్గేది కాదు. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి మొహమాటమైతే 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టింది, తెలుగులోనే మాట్లాడతారు, రూపాయి అడగరు. నీ మెసేజీలో నిద్ర గురించి ఏమీ రాయలేదు. ఈ ఒక్క సంగతి మాత్రం ఉత్తరం అందిన రోజే ఫోన్ చేసి చెప్పు.

డబ్బు సంగతి కూడా రాశావు, జీతం పెరిగినా తేడా తెలియడం లేదని. 1978లో అమెరికాలో లాటరీ తగిలిన 22 మందిని అడిగి చూశారు. మామూలువాళ్ల కన్నా వాళ్లు చెప్పుకోదగ్గంత ఎక్కువ సంతోషంగా లేరు. పైగా స్నేహితులతో కబుర్లు, పొద్దున్న టిఫిన్ లాంటివాటిలో వాళ్లకి రుచి తగ్గింది. ఇరవై రెండు మంది అంటే చిన్న లెక్కే, దాన్ని పట్టుకుని డబ్బు దండగ అని నేను అనను. అద్దె కట్టలేని ఇంట్లో, మందులు కొనలేని ఇంట్లో డబ్బు వస్తే బాధ తీరడం నేను కళ్లారా చూశాను. నువ్వు ఆ గీత దాటావు. అంతే ఆ తేడా.

ఇదంతా ఒక మనిషి గురి మాట. ప్రభుత్వాలు సంతోషాన్ని గురిగా పెట్టుకుంటే తప్పు లేదు. భూటాన్ తన 2008 రాజ్యాంగంలో పెట్టుకుంది కూడా. అయితే అక్కడా రాజ్యం సంతోషాన్ని పంచిపెడతానని రాసుకోలేదు, జనం సంతోషం వైపు వెళ్లడానికి తగిన పరిస్థితులు కల్పించడానికి పాటుపడతానని రాసుకుంది. పరిస్థితులంటే బడి, ఆస్పత్రి, అడవి, నీళ్లు. అవి రేపు పొద్దున్న చెయ్యగల పనులు.

ఇక నీ ఉద్యోగం. నువ్వు చేసేది ఆస్పత్రుల్లో వాడే సాఫ్ట్‌వేర్‌కి టెస్టింగ్ అని నాకు గుర్తుంది. రోజంతా తప్పులు వెతకడం, చిట్టా రాయడం, అవి సరిచేశాక మళ్లీ చూడటం, విసుగొస్తోందని రాశావు. వస్తుంది, అందులో నీ లోపమేమీ లేదు. కానీ నాకు ఆ పని అటువైపునుంచి తెలుసు. వార్డులో రాత్రి డ్యూటీలో ఒక్క నర్సు ఉంటుంది. మంచాలు నిండి ఉంటాయి. తెరమీద ఒక రోగి పేరు నొక్కితే ఇంకో రోగి రక్తపరీక్ష వచ్చిందనుకో, మందు మోతాదులో దశాంశపు చుక్క ఒక అంకె ఇటు జరిగిందనుకో, ఏమవుతుందో నేను నీకు వివరించక్కర్లేదు. అది జరక్కుండా ముందే పట్టుకునేది నువ్వు. నువ్వు పట్టుకున్న తప్పుల్లో ఏ ఒక్కదాని వల్లా ఎవరూ నీకు దణ్ణం పెట్టరు. ఎందుకంటే అది జరగనే లేదు కాబట్టి. అందుకే ఆ పనిలో నీకు మనిషి కనపడటం లేదు. నీకు కరువైంది సంతోషం అనుకుంటున్నావు, నాకు మాత్రం మనిషే కరువైనట్టు తోస్తోంది.

కాబట్టి ఇప్పుడే రాజీనామా పెట్టకు. ముందు ఒక పని చెయ్యి. మీ కంపెనీలో అడిగి, మీ సాఫ్ట్‌వేర్ వాడే ఆస్పత్రి ఒకదానికి వెళ్లే అనుమతి తెచ్చుకో. ఒక పూట నర్సుల బల్ల పక్కన నిలబడు. ఫోన్ సంచిలో పెట్టు. అక్కడి నర్సు ఏ తెర దగ్గర ఆగిపోతోందో, ఏది మూడుసార్లు నొక్కుతోందో, ఎక్కడ విసుక్కుని కాగితం మీద రాసుకుంటోందో చూడు. తిరిగొచ్చి, అందులో ఒక్కటి సరిచేయించడానికి నీ చేతిలో ఉన్న ప్రయత్నమంతా చెయ్యి. చెప్పిన వెంటనే ఎవరూ వినరు, మళ్లీ చెప్పు.

అంతా చేశాక కూడా అక్కడ నీ అవసరం లేదనిపిస్తే హాయిగా మానెయ్యి. మీ నాన్నకి నేను సర్దిచెబుతాను. అప్పుడు నువ్వు ఎవరికి ఏ పని చెయ్యడానికి బయలుదేరుతున్నావో నీకు తెలిసే ఉంటుంది. “నాకు సంతోషాన్నిచ్చేదేదో” అని మాత్రం గడప దాటకు. ఆ వెతుకులాటలో ఊళ్లు మారుస్తూ, ఉద్యోగాలు మారుస్తూ ముప్ఫై దాటిన మంచి పిల్లల్ని నేను మన చుట్టాల్లోనే చూస్తున్నాను. ఎక్కడికి వెళ్లినా వాళ్లు తమ మనసునే వెంటబెట్టుకుని వెళుతున్నారు, దాన్నే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు.

మధ్యలో సంతోషం వస్తే కాదనకు. రూమ్‌మేట్లతో నవ్వొస్తే నవ్వు, మంచి సినిమా వస్తే వెళ్లు, వానలో తడవాలనిపిస్తే తడు. ఎందుకొచ్చిందని అడక్కు, ఎంతసేపుంటుందని లెక్కపెట్టకు.

మావయ్య నీకు ఆ మిల్ పుస్తకం పంపుతానంటున్నారు. ఈ ఉత్తరానికి జవాబు రాయడానికి తొందర లేదు, ఆస్పత్రికి వెళ్లొచ్చాకే రాయి. అందులో నీకెలా అనిపించిందో తర్వాత రాద్దువు గాని, ముందు ఆ నర్సుకి ఏ తెర దగ్గర పని ఆగిపోతోందో, దానికి నువ్వు ఏం చెయ్యబోతున్నావో రాయి.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య